రేవులో దొరికిన చెవుల రాయి

తెల్లవారి లేవగానే మా మునక బాబాయి చేసే మొదటి పని బకెట్లో తల పెట్టడం.

మొహం కడుక్కోవడానికి కాదు. పెరట్లో పంపు కింద బకెట్ నిండా నీళ్లు పట్టి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, దేవుడికి ఒక దండం పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, చెవులు మునిగేదాకా తల ముంచేసేవాడు. పక్కనే పిన్ని అంట్లు తోముకుంటూ లెక్కపెట్టేది. నీళ్లలో వున్న మనిషికి ఆ లెక్క వినపడదు కదా, తల పైకెత్తాక ఆవిడ ఎంత చెబితే అంత.

గోడకి ఇవతల మా ఇల్లు. కాబట్టి ఆ లెక్క రోజూ నా చెవిన పడేది. "అరవై ఒకటి, అరవై రెండు, ఏమ్మా, మీ కోడలికి జ్వరం తగ్గిందా, డెబ్భై, డెబ్భై ఒకటి, అదిగో ఆ పిల్లి మళ్లీ వచ్చింది, ఛీ, పో, ఎనభై ఐదు..." పిల్లి వచ్చిన రోజున బాబాయి ఊపిరి తప్పకుండా పెరిగేది.

ఆయనకి యాభై దాటాక తల కాస్త తొందరగా పైకి లేవడం మొదలైంది. అది గమనించిన పిన్ని నోటి వేగం పెంచింది. పదుల్లోంచి వందల్లోకి ఎలా దూకేదో మనకి అంతుపట్టేది కాదు. ఆయన ఎగశ్వాసతో "ఎంతే?" అనగానే, "నూట అరవై! నిన్నటికన్నా రెండు ఎక్కువ!" అనేది. ఆవిడ అబద్ధం ఆడిందని నేననను. పైవాడు కూడా అనడనుకుంటాను. ప్రేమకొద్దీ కొంచెం తొందరపడింది, అంతే.

బాబాయి పని రేవులో. పడవ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ నీళ్లలో పడేసుకున్నవి మునిగి తీసిపెట్టడం. తాళంచెవులు, కళ్లజోళ్లు, గిన్నెలు, ఫోన్లు. మా నది నీళ్లు ఎప్పుడూ బురదగానే వుంటాయి. లోపల కళ్లు తెరిచినా మూసినా ఒకటే. "అడుగున నా చేతులే నాకు కళ్లు" అనేవాడు. అడగని వస్తువులు దొరికినా వదిలిపెట్టేవాడు కాదు. ఒంటి చెప్పు దొరికితే కడిగి, ఆరబెట్టి, వరండాలో గోడకి కొట్టిన బల్లమీద పెట్టేవాడు. పోగొట్టుకున్న పిల్లలు వచ్చి తొడుక్కుని పోయేవాళ్లు. ఆ బల్లమీద ఆరేళ్లుగా ఒక కట్టుడు పళ్ల వరస కూడా వుంది. దానికోసం ముగ్గురు పెద్దమనుషులు వేరువేరుగా వచ్చి, చూసి, పెదాలు విప్పకుండా చేత్తోనే కాదని చెప్పి వెళ్లిపోయారు.

ఆయన మాటకి రేవులో తిరుగులేదు. మూడు మునకలు వేసి పైకొచ్చి "లేదు" అన్నాడంటే ఇంక లేనట్టే. పోగొట్టుకున్నవాళ్లు మనసు రాయి చేసుకుని ఇంటికెళ్లేవాళ్లు. వాళ్ల నాన్న కాలం నుంచీ అంతే. ఆయనా ఇదే పని చేశారు, ఆయన మాటకీ అంతే విలువ.

ఆ మాటని కాదన్న మనిషి మా వీధిలో ఒక్కరే వున్నారు. చివరింట్లో పెద్ద మేస్త్రీ. పిల్లలు ఆయన్ని బస్తా తాత అంటారు. నాకు ఆ పేరు నోటికి రాదు, కథ కోసం ఈ ఒక్కసారి రాస్తున్నాను. వీధికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని ఎవరో భారీ మనిషి అనుకునేవాళ్లు. తీరా చూస్తే ఆయన కొలబద్దకి చొక్కా తొడిగినట్టు వుండేవారు.

ఆ పేరు వచ్చి ముప్పై ఏళ్ల పైమాటే. అప్పట్లో రేవుకి మెట్లు కడుతున్నారు. సిమెంటు గోనె బస్తాల్లో పడవ మీద వచ్చేది. బస్తాల లెక్క పెద్ద మేస్త్రీది. ఒక సాయంత్రం మబ్బు కమ్ముకొస్తోందని, వాడగా మిగిలిన సగం బస్తాని గట్టెక్కిస్తుంటే కాలికింద పలక జారి అది నీళ్లలో పడిపోయిందని ఆయన చెప్పారు. మర్నాడే వరద. నాలుగు నెలలకి నీళ్లు తీశాక బాబాయి వాళ్ల నాన్న మునిగి వెతికారు. మూడు మునకలు వేశారు. పైకొచ్చి, "అడుగున రాళ్లు తప్ప ఏమీ లేవు" అన్నారు.

అంతే, పెద్ద మేస్త్రీ పని పోయింది. బస్తా ఇంటికి మోసుకుపోయాడన్నారు. ఆయన ఖర్మ ఏమిటంటే, ఆ నెలలోనే ఇంటి ముందు చిన్న అరుగు వేసుకున్నారు. మట్టి అరుగే. అయినా దారినపోయే ప్రతివాడూ దాన్ని వేలితో తట్టి, తల పంకించి, మరీ వెళ్లేవాడట.

అంతకుముందు ఆయనా, బాబాయి వాళ్ల నాన్నా బావా బావా అనుకునేవాళ్లు. అప్పటికి ఇంకా పెళ్లైనా కాని బాబాయిని "ఒరేయ్ అల్లుడూ" అని పిలిచేవారు. ఆ తర్వాత "మీరు" అనడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో ఒక్క దురుసు మాట అనలేదు. ఒక ఏడు వానలకి బాబాయి పెరటి గోడ కూలితే, పిలవకుండానే వచ్చి కట్టి, "మీకింక భయం లేదండీ" అని చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఆ "అండీ" విన్న రోజున బాబాయి సరిగ్గా అన్నం తినలేదని పిన్ని చెప్పింది. రేవు మెట్లు మాత్రం పెద్ద మేస్త్రీ మళ్లీ తొక్కలేదు. అవతలి ఒడ్డున పనుంటే వంతెన దాకా నడిచి చుట్టూ తిరిగి వెళ్లేవారు.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ మధ్య ఒకాయన కళ్లజోడు నీళ్లలో పడితే, బాబాయి మూడు మునకలు వేసి లేదన్నాడు. వారం తిరక్కుండా నీళ్లు తగ్గి, అది నీళ్లలోని మొదటి మెట్టు పక్కనే బయటపడింది. పోగొట్టుకున్నాయన ఏమీ అనలేదు, మిగతావాళ్లు అన్నారు. "బాబాయికి ఊపిరి తగ్గింది" అని ఒకరు, "చేతులు కూడా ఆనడం లేదు" అని ఇంకొకరు. బాబాయి విననట్టే వున్నాడు. బకెట్లో మాత్రం రోజుకి రెండుసార్లు తల పెట్టడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే పడవాయన లంగరు తాడు తెగింది. అది తీసిపెట్టమని బాబాయిని అడిగాడు. ఆ ఏడు ఎండలకి నది బాగా దిగిపోయింది, ఎన్నడూ అందని చోట కూడా అడుగు అందుతోంది. బాబాయి దండం పెట్టుకుని దిగాడు. దిగినవాడు దిగినట్టే పైకి లేచి, "పంది!" అని అరిచాడు.

"పందా? నీళ్లలోనా?" అన్నాడు పడవాయన.

"చచ్చిన పందయ్యా! పక్కకి ఒరిగి పడుకుంది. రెండు చెవులూ చేత్తో పట్టుకున్నాను!"

"తోక వుందా?"

"చెవులు పట్టుకున్నాక తోక దాకా ఎవడు తడుముతాడయ్యా! నువ్వు దిగి తడుము."

పడవాయన తనకి ఈత రాదని గుర్తు చేశాడు. ముప్పై ఏళ్లుగా పడవ నడుపుతున్నవాడు ఆ మాట అంత ధైర్యంగా చెప్పడం అదే మొదటిసారి.

రెండో మునకలో బాబాయి కాస్త నిదానించాడు. పైకొచ్చి, "పంది కాదు, రాయి" అన్నాడు.

"మరి చెవులు?"

"చెవులున్నాయి. రాతి చెవులు."

"లంగరు?"

"అబ్బ, లంగరెక్కడికి పోతుందయ్యా, తాడు ఇలా పడెయ్!"

అలా లంగరు కోసం దిగిన మనిషి రాయి ఎత్తుకొచ్చాడు. లంగరు సంగతి నాలుగో రోజుకి గానీ ఎవరికీ గుర్తు రాలేదు.

నిజంగా అలాంటి రాయి మేమెవరం చూడలేదు. ఉబ్బిన తలగడంత వుంది. కింద పొట్టలా గుండ్రం, పైకి వచ్చేసరికి మెడలా సన్నం, మెడ చుట్టూ వేలు పట్టేంత గాడి, ఆ పైన అటొకటి ఇటొకటి నిక్కపొడుచుకున్న చెవులు. కళ్లూ లేవు, నోరూ లేదు. ఒళ్లంతా సన్నటి గళ్లు, ఎవరో కూర్చుని ఓపిగ్గా చెక్కినట్టు. ఒక చెవి కింద రెండు నత్తగుల్లలు అతుక్కుని వున్నాయి. బాబాయి దాన్ని కడిగి వరండాలో గోనెపట్టా మీద కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రానికి వీధి వీధంతా అక్కడే. రిటైరైన సైన్సు మాస్టారు భూతద్దం పట్టుకుని వచ్చారు. మూల దుకాణం దర్జీ మెళ్లో టేపుతో అలాగే వచ్చాడు. అలవాటుకొద్దీ ముందు మెడ కొలిచాడు. "పద్నాలుగున్నర" అన్నాడు.

"దానికేమైనా చొక్కా కుడతావా?" అన్నారు మాస్టారు.

"మాస్టారూ, తమాషా కాదు. ఇది గుడ్డండీ."

"ఏది గుడ్డ?"

"ఈ రాయి. ఇదిగో, ఒక పోగు పైకి, ఒక పోగు కిందికి. నేతండీ ఇది. పక్కన కుట్టు కూడా వుంది చూడండి. కుట్టినవాడెవడో గానీ దారం వదులుగా లాగాడు, నా దగ్గరైతే విప్పించి మళ్లీ కుట్టించేవాణ్ని."

అందరూ గొల్లుమన్నారు. "రాయికి కుట్టేమిటయ్యా, నీకు ప్రపంచమంతా పంట్లాంలాగే కనిపిస్తుంది" అన్నారు మాస్టారు. దర్జీ చిన్నబుచ్చుకుని టేపు చుట్టుకున్నాడు. పిన్ని అతనికి మంచినీళ్లిచ్చి, "నువ్వు చెప్పింది నాకూ అలాగే అనిపించిందిలే తమ్ముడూ" అని నెమ్మదిగా అంది.

మాస్టారు మాత్రం శాస్త్రీయంగా పోదామన్నారు. పిన్నిని అడిగి ఒక నిమ్మకాయ తెప్పించి రాతి చెవిమీద పిండారు. బుసబుసమని నురగ వచ్చింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"చూశారా! సున్నం! గవ్వల్లో వుండేదీ ఇదే, శంఖాల్లో వుండేదీ ఇదే. కాబట్టి ఇది ఒకప్పుడు ప్రాణమున్న జంతువు. ఈ గళ్లు దాని పొలుసులు. లక్షల ఏళ్లకి ఇలా రాయైపోయింది."

"లక్షల ఏళ్ల కిందట చెవులున్న చేపలుండేవా మాస్టారూ?" అన్నాడు పడవాయన.

"ఉండేవనడానికి ఇదే సాక్ష్యం" అన్నారు మాస్టారు. పిన్ని మాత్రం, "నిమ్మకాయ ఒకటి చాలా, ఇంకోటి తెమ్మంటారా?" అని అడిగింది. అది చివరి నిమ్మకాయ అని ఆయనకి చెప్పలేదు.

మాస్టారే మ్యూజియంకి ఉత్తరం రాశారు. వారానికి ఒక మేడం వచ్చారు. నెమ్మదైన మనిషి. చెప్పులు గుమ్మం బయటే వదిలి, రాయి ముందు నేలమీదే కూర్చుని, చిన్న కుంచెతో దాని ఒళ్లంతా దులిపి, పుస్తకంలో బొమ్మ వేసుకున్నారు. గంట తర్వాత లేచి, "నేనిలాంటిది చూళ్లేదు. ఇప్పుడే ఏమీ చెప్పలేను" అన్నారు.

ఆ మాట గుమ్మం దాటేసరికి "ఎన్ని వేల ఏళ్లదో చెప్పలేమన్నారట" అయింది. వీధి చివరికి వెళ్లేసరికి "ప్రపంచంలో ఇదొక్కటేనట" అయింది.

వెళ్లేముందు మేడం బాబాయితో, "గురువారం వ్యాన్ తీసుకొస్తామండీ. పాతదని తేలితే అద్దాల పెట్టెలో పెట్టి, కింద బోర్డు మీద కనుగొన్నవారు అని మీ పేరు రాస్తాం" అన్నారు.

"నా పేరా? పెయింటుతోనా?"

"ఇత్తడి రేకు మీద చెక్కిస్తామండీ."

బాబాయి ఆ రాత్రి దాకా రాయి చుట్టూ తిరుగుతూనే వున్నాడు. ఆ రేకు ఆయనకి ఎంత కావాలో మా అందరికీ అర్థమైంది. కళ్లజోడు దొరకని నాటి నుంచి తన చేతుల మీద తనకే అనుమానం పట్టుకుంది. ఇత్తడి మీద చెక్కిన పేరుని చూసి, ఊపిరి తగ్గిందని ఎవరంటారు? దర్జీ, తన మాట ఎవరూ వినకపోయినా, ఫోటో కోసం బాబాయికి కొత్త చొక్కా కుట్టి తెచ్చాడు. బాబాయి రోజూ అది తొడుక్కుని రాయి పక్కన నిలబడి, దాని చెవిమీద చెయ్యి వేసి, నవ్వడం సాధన చేసేవాడు. "మరీ పళ్లు కనిపిస్తున్నాయండీ, ఆ బల్లమీద వరస మీదేననుకుంటారు" అనేది పిన్ని.

బుధవారం మధ్యాహ్నం మాస్టారు రాయి అడుగుభాగం కూడా పరీక్షించాలని దాన్ని ఒక్కరే పక్కకి దొర్లించబోయారు. అది చేయి జారి ధనమని పడింది. రాయికేమీ కాలేదు. వరండా అంచు మాత్రం చిప్పలా లేచిపోయింది.

"రేపు ఆ మేడం ఈ గుంటలో కాలు పెట్టి పడితే మన మర్యాద ఏం కాను?" అని పిన్ని తనే వెళ్లి పెద్ద మేస్త్రీని పిలుచుకొచ్చింది. ఇన్ని రోజుల్లో రాయిని చూడటానికి రానిది ఆయనొక్కరే. తాపీ, ముంత, ఒక గిన్నెలో సిమెంటు, ఇసుక కలిపిన మాలు తెచ్చుకున్నారు. తల దించుకునే వచ్చి, గుంట చూసి, "చిన్న పనేనండీ. ఆ రాయి కాస్త జరపాలి" అన్నారు.

బాబాయి అటువైపు, ఆయన ఇటువైపు పట్టుకున్నారు. ఎత్తడానికి ఆయన రెండు చెవులూ పట్టుకున్నారు. పట్టుకున్నవారు ఎత్తలేదు. ఆ చెవుల్ని అలాగే బొటనవేళ్లతో తడిమి, మెడ చుట్టూ వున్న గాడిలో వేలు పెట్టి ఒక చుట్టు తిప్పి, అక్కడే వరండాలో కూలబడ్డారు.

"ఏమైందండీ? నడుం పట్టిందా?" అని పిన్ని నీళ్లు తెచ్చింది.

ఆయన నీళ్లు తాగలేదు. "దీని ఎడమ చెవి కింద ఒక అతుకు వుండాలి. చూడండమ్మా" అన్నారు.

పిన్ని వంగి చూసింది. నత్తగుల్ల ఒకటి ఊడదీసి, వేలితో రుద్దింది. అక్కడ గళ్లు మారిపోయాయి. చుట్టూ వున్నవి పెద్ద గళ్లు, ఆ అర్ధరూపాయంత మేర మాత్రం సన్నటి గళ్లు.

"ఎలుక కొరికింది. నా తువ్వాలు చింపి కుక్కాను" అన్నారు పెద్ద మేస్త్రీ. "సగం వాడిన బస్తా మూతి మెలితిప్పి, రెండు మూలలూ ఇలా పైకి లాగి, కింద తాడు బిగిస్తాను. చెవులుంటే పట్టుకుని ఎత్తడం తేలిక. నేనొక్కణ్నే అలా కట్టేవాణ్ని. కుందేళ్లని మోస్తున్నావా అని పనివాళ్లు నవ్వేవాళ్లు."

సిమెంటు నీళ్లు తాగి గట్టిపడిపోయింది. గోనె కుళ్లి కొట్టుకుపోయింది. దాని నేత, కుట్టు, చెవులు, తువ్వాలు ముక్క అచ్చు పడి మిగిలిపోయాయి. బాబాయి వాళ్ల నాన్న ఆనాడు మెత్తటి బస్తా కోసం వెతికారు. చేతికి గట్టిగా తగిలినవన్నీ వదిలేసి పైకొచ్చారు.

పెద్ద మేస్త్రీయే ముందు తేరుకున్నారు. గుంటలో మాలు వేసి, తాపీతో నున్నగా సాపు చేసి, సామాను సర్దుకుని లేచారు. "మీరేమీ మనసులో పెట్టుకోకండి" అన్నారు బాబాయితో. "రేపు ఆవిడతో ఈ మాట అనాల్సిన పన్లేదు. నేను పెద్దవాణ్నయ్యాను, ఆ పేరుకి అలవాటు పడిపోయాను. మీ పేరు బోర్డు మీద వుంటే వీధికే మంచిది. పాత రాయిగానే వుండనివ్వండి." గుమ్మం దాటుతూ, "ఈ రాత్రి దాని మీద కాలు పెట్టకండి, ఆరాలి" అని చెప్పి వెళ్లారు.

గురువారం తెల్లవారి బాబాయి మామూలుగానే బకెట్లో తల పెట్టాడు. పిన్ని లెక్కపెట్టింది. పిల్లి రాలేదు, పక్కింటి పలకరింపులు లేవు. ఆయన తల పైకెత్తి, "ఎంతే?" అన్నాడు.

"నూట అరవై రెండు."

"నిజంగా ఎంతే?"

పిన్ని చేతిలో గిన్నె ఆగింది. చాలాసేపు ఆ గిన్నెనే తోమింది. "ఎనభై ఆరు" అంది చివరికి. "రెండేళ్లుగా అంతే."

ఆయన తడి తలతో అలాగే కూర్చుని, ఉన్నట్టుండి నవ్వాడు. "నాకు తెలుసులే. నీ నోరు రైలు పట్టాలెక్కినట్టు నీళ్లలోకి వినిపిస్తూనే వుంటుంది. అబద్ధమని తెలిసే రోజూ సంతోషపడ్డాను."

"మరి ఇవాళెందుకు అడిగారు?"

"నిజం చెబితే ఏమైపోతానో చూద్దామని. ఏమీ కాలేదు చూడు. ఎనభై ఆరే, ఇంకా బతికే వున్నాను." తువ్వాలుతో తల తుడుచుకుని లోపలికి వెళ్లి, కొత్త చొక్కా కాకుండా రోజూ తొడుక్కునే చొక్కానే తొడుక్కున్నాడు.

పదింటికి వ్యాన్ వచ్చింది. మేడంతో పాటు ఇద్దరు మనుషులు, గడ్డి పరిచిన చెక్కపెట్టె. వీధంతా నిండిపోయింది. మాస్టారు పొలుసుల గురించి రెండు పేజీలు రాసుకొచ్చారు. బాబాయి వరండాలో నిలబడి రాతి చెవిమీద చెయ్యి వేశాడు, సాధన చేసినట్టే. కానీ నవ్వలేదు.

"మేడం, మిమ్మల్ని ఇంతదూరం తిప్పినందుకు క్షమించాలి. ఇది పాత రాయి కాదండీ. సిమెంటు బస్తా. సగం బస్తా. ముప్పై ఏళ్ల కిందట పెద్ద మేస్త్రీ చేతిలోంచి నీళ్లలో పడింది. పడిందని ఆయన చెబుతూనే వున్నారు. లేదని మా నాన్న చెప్పాడు. మా నాన్న అబద్ధమాడలేదు, కానీ ఆయన చెయ్యి పొరపాటుపడింది. మొన్న నా చెయ్యి పొరపాటుపడినట్టే. ఈ వీధిలో ఎవరూ ఏ బస్తా ఇంటికి మోసుకుపోలేదండీ."

గట్టిగా చెప్పడానికి ఊపిరి చాలక మధ్యలో రెండుసార్లు ఆగాడు. పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఎడమ చెవి కింద అతుకు, మెడ చుట్టూ తాడు గాడి అన్నీ బాబాయి చూపించాడు. మేడం భూతద్దం తీసి చూసి, ముందు ఆశ్చర్యపోయి, తర్వాత తలమీద చెయ్యి పెట్టుకుని మనసారా నవ్వారు. "మూడు రాత్రులు పుస్తకాలు తిరగేశానండీ దీనికోసం! దేవతో, జంతువో తేల్చుకోలేక!"

అంతవరకూ నోరు తెరవని దర్జీ ముందుకొచ్చాడు. "గుడ్డ అని నేను మొదటిరోజే చెప్పాను! కుట్టు వదులు అని కూడా చెప్పాను!"

"నేను మాత్రం ఏమన్నాను? సున్నం వుందనే కదా అన్నాను" అన్నారు మాస్టారు, రెండు పేజీలూ మడిచి జేబులో పెట్టుకుంటూ. "సిమెంటులో సున్నం వుండదా?"

"పొలుసులో మాస్టారూ?" అన్నాడు పడవాయన.

"నువ్వు ముందు నీ లంగరు వెతుక్కో."

వ్యాన్ ఖాళీగానే వెళ్లింది. వెళ్లేముందు మేడం పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి బాబాయి చేతికిచ్చారు. 'సగం బస్తా సిమెంటు. రేవులో పడిపోయినది. కనుగొన్నవారు మునక బాబాయి. గుర్తుపట్టినవారు పెద్ద మేస్త్రీ.' గుడ్డ అని మొదట చెప్పినవారు అని తన పేరు కూడా వేయమని దర్జీ బతిమాలాడు. సున్నం పరీక్ష జరిపినవారు అని మాస్టారు నసిగారు. ఆవిడ ఓపిగ్గా రెండూ రాసి, కింద 'నిమ్మకాయ ఇచ్చినవారు పిన్ని' అని కూడా చేర్చారు. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ల వరండాలో పళ్ల వరస పక్కనే అద్దం కట్టి వుంది.

జనం అక్కణ్నుంచి పెద్ద మేస్త్రీ ఇంటికెళ్లారు. ఒకప్పుడు అరుగు తట్టి చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలిన ఇద్దరు ముగ్గురు ఆ అరుగుమీదే కాసేపు ఊరికే కూర్చున్నారు. మేస్త్రీ గారి భార్య వాళ్లందరికీ మంచినీళ్లిచ్చింది. అంతకన్నా పెద్ద క్షమాపణ, పెద్ద క్షమ నేను చూడలేదు.

సాయంత్రం బాబాయి, పడవాయన కలిసి రాయిని రేవుకి మోసుకెళ్లారు. దాన్ని మెట్ల మీద ఎక్కడో ఒకచోట కుదురుగా నిలపాలి, అది మేస్త్రీ చెయ్యాల్సిన పని. పెద్ద మేస్త్రీ తాపీ పట్టుకుని రేవు పైగట్టు దాకా వచ్చి ఆగిపోయారు. తను కట్టిన మెట్లే, ముప్పై ఏళ్లుగా చూడని మెట్లు. మొదటి మెట్టుమీద పాదం మోపి, "ఇది కొంచెం దిగబడింది" అన్నారు. ఇంకో మెట్టు దిగారు. "ఈ అంచు నేను సరిగా తియ్యలేదు, వానకి తొందరపడ్డాను." అలా ప్రతి మెట్టుతోనూ మాట్లాడుకుంటూ పదో మెట్టు దాకా దిగి, "ఇదిగో, పలక ఇక్కడే జారింది" అన్నారు. రాయిని అక్కడే మాలు వేసి నిలిపారు, చెవులు పైకి వుండేలా.

పని అయ్యాక ఆయనా, బాబాయీ ఆ మెట్టుమీదే కూర్చున్నారు. పడవాయన లంగరు వెతకడానికి ఎప్పుడు దిగుతావని దూరం నుంచి కేకేస్తున్నాడు. బాబాయి వినిపించుకోలేదు.

"పదిహేడున్నర అని చెప్పాను ఆ రోజు" అన్నారు పెద్ద మేస్త్రీ నీళ్లకేసి చూస్తూ. "పదిహేడు బస్తాలు గట్టుమీద, అర నీళ్లలో. లెక్కలో నేనెప్పుడూ తప్పలేదు రా అల్లుడూ."

ఆ పిలుపు విన్నాక బాబాయి లేచి నీళ్ల అంచుకి దిగాడు. నది వైపు తిరిగి మొహం కడుక్కున్నాడు, అవసరం లేకపోయినా. తర్వాత వచ్చి మళ్లీ పక్కన కూర్చున్నాడు.

"మావయ్యా, నాకొక సాయం చేసిపెట్టాలి. రేపటి నుంచి పొద్దున్నే ఇక్కడికొచ్చి నా ఊపిరి లెక్కపెట్టు. మా ఆవిడ ప్రేమతో లెక్కపెడుతుంది, అది ఇంట్లోకి బాగుంటుంది. నీళ్లలోకి దిగేవాడికి నీ లెక్క కావాలి."